తుపాను రాని రోజుల కొలువు

పాతికేళ్ల కిందట ఒక్క తుపానుకు పదివేల ప్రాణాలు పోగొట్టుకున్న రాష్ట్రం ఒడిశా. ఇవాళ అంతకు కాస్త తక్కువ బలమున్న తుపాన్లను పదుల సంఖ్యలో మరణాలతో దాటుతోంది. ఆ మార్పు వెనక భువనేశ్వర్‌లో ఒక కార్యాలయం ఉంది. అది ఎలా నడుస్తుంది? ఎక్కడ ఆగిపోతుంది?

ఒడిశా తీరంలో తుపాను షెల్టరును గుర్తుపట్టడం తేలిక. చుట్టూ పాకలు, సరుగుడు తోటలు, మధ్యలో లావుపాటి స్తంభాల మీద లేచి నిలబడ్డ కాంక్రీటు మేడ. ఉప్పెన నీళ్లు గోడలను మోదకుండా స్తంభాల మధ్యనుంచి సాగిపోవాలని కింది భాగం ఖాళీగా వదిలేస్తారు. మెట్లెక్కలేని ముసలివాళ్ల కోసం పక్కన ఏటవాలు దారి ఉంటుంది. మామూలు రోజుల్లో చాలాచోట్ల అది బడి. పిల్లలు ఎక్కాలు చదువుకునే గదిలోనే ఏడాదికో రెండేళ్లకో ఒక రాత్రి ఊరంతా ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుంటుంది.

ఆ రాత్రి ఎందరు బతుకుతారన్నది ఆ మేడ సిమెంటు మీద ఎంత ఆధారపడుతుందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందన్న దానిమీదా అంతే ఆధారపడుతుంది. జనరేటర్‌లో డీజిలుందా? పంపు నీళ్లు పోస్తోందా? పడ్డ చెట్లను కోసే రంపం పనిచేస్తోందా? ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ పడుతోందా? గడియ పడని చోటికి ఆడపిల్లను తీసుకుని ఏ తల్లీ రాదు. ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ ప్రశ్నలను ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు అడగడమే ఒడిశా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ అసలు పని. ఓఎస్‌డీఎంఏ అని పిలుచుకునే ఆ సంస్థ గురించి తెలుగువాళ్లం తెలుసుకోవలసింది చాలా ఉంది. ఎందుకంటే ఆ పాఠం మొదట మొదలైంది మన ఒడ్డునే.

దివిసీమ నుంచి ఎరసమా దాకా

1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు. పదివేల మంది దాకా పోయారు. ఆ దెబ్బ తర్వాతే ఆంధ్ర తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి, ఊళ్లు ఖాళీ చేయించే పద్ధతి పాలనలో భాగమైంది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర మళ్లీ అంతటి తుపానే తీరం దాటింది. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. వెయ్యి మందిలోపే చనిపోయారు. అది చిన్న సంఖ్య కాదు. కానీ దివిసీమను చూసినవాళ్లకు ఆ తేడా ఏమిటో తెలుసు.

ఆ అనుభవం గంజాం సరిహద్దు దాటి అవతలికి వెళ్లలేదు. ఒక ఊరి జ్ఞాపకం దానంతటదే పక్క ఊరి జాగ్రత్తగా మారదు. 1999 అక్టోబరు 17న గంజాం తీరాన్ని ఒక తుపాను కొట్టింది. దాని శిథిలాలు ఎత్తకముందే, పన్నెండు రోజులకు, అక్టోబరు 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తీరం దాటింది. గాలి వేగం గంటకు 260 కిలోమీటర్లు. తీరం దాటిన తుపాను లోపలికి పోయి చల్లారడం మామూలు. ఇది కదలకుండా తీరం మీదే ఒక రోజుకు పైగా తిష్ఠవేసి వాన కురిపించింది. జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమా ప్రాంతంలోకి సముద్రం నడిచి వచ్చింది. అధికారిక లెక్క ప్రకారం రాష్ట్రమంతటా పదివేలకు చేరువగా మరణాలు, అందులో ఎనిమిది వేలకు పైగా ఆ ఒక్క జిల్లాలోనే. నాలుగు లక్షలకు పైగా పశువులు పోయాయి.

హెచ్చరిక లేక కాదు. వాతావరణ శాఖ చెప్పింది. విన్నవాళ్లకు వెళ్లడానికి చోటే లేదు. అంత తీరానికీ రెడ్‌క్రాస్ కట్టిన ఇరవై పైచిలుకు షెల్టర్లే దిక్కు. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, ఫోన్లు చచ్చిపోయాయి, రాజధాని భువనేశ్వర్‌కే బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. హ్యామ్ రేడియో ఔత్సాహికులు వచ్చి మాటలు కలిపిన పరిస్థితి. సహాయం చేయాల్సిన ప్రభుత్వమే బాధితుల వరుసలో నిలబడింది.

ఆ ఏడాది డిసెంబరు 28న ఒడిశా ప్రభుత్వం ఓఎస్‌డీఎంఏను ఏర్పాటు చేసింది. విపత్తు నిర్వహణ చట్టాన్ని పార్లమెంటు చేసింది 2005లో. దేశానికి చట్టం రాకముందే, శవాల లెక్క పూర్తిగా తేలకముందే, ఒక రాష్ట్రం ఈ పనికంటూ ఒక సంస్థను పెట్టుకుంది.

రెండు చేతులు

సంస్థను శాఖలా కాకుండా సొసైటీగా నమోదు చేశారు. పైకి ఇది కాగితం మీది తేడాలాగే కనిపిస్తుంది. శాఖలో ప్రతి రూపాయి, ప్రతి నియామకం అందరి ఫైళ్లతో పాటు వరుసలో నిలబడాలి. సొసైటీకి వేరే దారులుంటాయి. ప్రపంచ బ్యాంకు అప్పు, ముఖ్యమంత్రి సహాయ నిధి, కేంద్రం ఇచ్చే గ్రాంటు, స్వచ్ఛంద సంస్థ విరాళం అన్నీ ఒకే చోటికి చేర్చి షెల్టరు కట్టవచ్చు. ఇంజినీరును, మ్యాపులు గీసే నిపుణుణ్ణి అవసరమైనన్నాళ్లకు తీసుకోవచ్చు. అలాగని ప్రభుత్వానికి బయట తేలుతూ ఉండదు. రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖ గొడుగు కిందే ఉంటుంది.

ఇక్కడ మరో కార్యాలయం గురించీ చెప్పాలి. 1965–66 కరువు కాలంలో పుట్టిన ప్రత్యేక సహాయ కమిషనరు పదవి ఇప్పటికీ ఉంది. విపత్తు ముంచుకొచ్చినప్పుడు ఆజ్ఞలు ఆ కమిషనరు నుంచే కలెక్టర్లకు వెళ్తాయి. ఎవరిని తరలించాలి, ఎన్ని రోజులు వండిపెట్టాలి, ఎంత పరిహారం ఇవ్వాలి అనేది ఆ కార్యాలయం పని. షెల్టరు కట్టడం, సైరన్ పెట్టడం, వలంటీరుకు శిక్షణ ఇవ్వడం, ఏ ఊరికి ఎంత ప్రమాదమో మ్యాపు మీద గుర్తించడం, కూలినదాన్ని తిరిగి కట్టడం ఓఎస్‌డీఎంఏ పని. రెండు కార్యాలయాల పగ్గాలూ ఎక్కువ కాలం ఒకే అధికారి చేతిలో ఉండటం ఒడిశా అలవాటు. దీనివల్ల ఒక మేలుంది. వేసవిలో సిద్ధం చేసినవాడే అక్టోబరులో జవాబు చెప్పుకోవాలి. తప్పు పక్క గదిలోకి నెట్టడం కుదరదు. చిక్కూ ఉంది. తుపానొస్తే ఆ మనిషి కట్టే పని వదిలి కాపాడే పనికి పరుగెత్తాలి. పునర్నిర్మాణం వెనకబడేది అప్పుడే.

వీటి కింద జిల్లాల్లో కలెక్టర్లు. పాతకాలం నాటి ఒడిశా రిలీఫ్ కోడ్ ఎవరు ఏం చేయాలో రాసిపెట్టింది. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా కలెక్టరు ఖర్చు పెట్టగలగడం, తహసీల్దారు బియ్యం తెరిపించగలగడం, సర్పంచి వంట మొదలుపెట్టించగలగడం తుపాను పాలనకు ప్రాణం. భువనేశ్వర్ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగే వ్యవస్థ 1999లోనే కుప్పకూలింది.

2001లో పోలీసు బెటాలియన్ల నుంచి ఒడిశా విపత్తు సత్వర చర్య దళాన్ని తయారు చేశారు. ఇప్పుడు ఇరవై యూనిట్లున్నాయి. వాళ్ల ముఖ్యమైన ఆయుధం రంపం.  1999లో చెట్లు అడ్డంపడి సహాయం అందకపోయిందన్నది ఆ రాష్ట్రం గుర్తుపెట్టుకుంది. అందుకే గాలి తగ్గీ తగ్గగానే మొదట కదిలేది రంపాల బండ్లు. రోడ్డు తెరుచుకుంటే ఆంబులెన్సు వస్తుంది, ఆ వెనక కరెంటు స్తంభాల లారీ వస్తుంది.

డెబ్బై రెండు గంటలు

మన తీరంలో పెద్దవాళ్లు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరును బట్టి గాలిని అంచనా వేసేవారు. ఇప్పుడు వాతావరణ శాఖ మెట్లు మెట్లుగా చెబుతుంది. తీరం దాటడానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుందన్న అంచనా. ఒడిశా చేసిందల్లా ఒక్కో మెట్టుకు ఒక్కో పనిని కట్టివేయడం. తొలి సూచనకే సెలవులు రద్దు. 2013లో పైలిన్ తుపాను వచ్చినప్పుడు దసరా పండగ. ఉద్యోగుల పూజా సెలవులు రద్దయ్యాయి. దాదాపు పది లక్షల మందిని తరలించారు. గోపాల్‌పూర్ దగ్గర గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలితో తీరం తాకిన ఆ తుపానులో మరణాలు యాభైలోపే ఉన్నాయి.

తరలింపు అన్న మాట పత్రికలో చిన్నగా కనిపిస్తుంది. చేసి చూడాలి. పాకలో ముసలమ్మ కదలనంటుంది. మేకను ఎవరు చూస్తారు? వల ఎవరైనా ఎత్తుకుపోతే? పోయినసారి కూడా ఇలాగే అన్నారు, ఏమీ కాలేదు కదా? పోలీసు వచ్చి చెబితే వినని ముసలమ్మ, తాను చిన్నప్పుడు ఎత్తుకున్న పక్కింటి కుర్రాడు చెబితే వింటుంది. అందుకే ప్రతి షెల్టరుకు ఊరివాళ్లతోనే నిర్వహణ కమిటీ వేశారు. ఊరి యువతీ యువకులకు వెతికి రక్షించడంలో, ప్రథమ చికిత్సలో, షెల్టరు నడపడంలో శిక్షణ ఇచ్చారు. తాళంచెవి ఆ కమిటీ చేతిలో ఉంటుంది. పెళ్లిళ్లకు, సభలకు మేడను అద్దెకిచ్చి ఆ డబ్బుతో మరమ్మతు చేసుకునే వీలూ ఉంది. 2019 మే 3న పూరీ దగ్గర ఫణి తుపాను తీరం దాటే ముందు పన్నెండు లక్షల మందిని తరలించారు. 26 లక్షల ఎస్సెమ్మెస్‌లు, నలభై వేలకు పైగా వలంటీర్లు. ఆ అంకెల్లో నాకు ముఖ్యంగా కనిపించేది ఎస్సెమ్మెస్‌లు కాదు, వలంటీర్లు.

2024 అక్టోబరులో దానా తుపాను ధామ్రా, భితర్‌కనికా మధ్య తీరం దాటింది. అప్పటికే ప్రభుత్వం 4,400 మందికి పైగా గర్భిణులను ఆస్పత్రులకు చేర్చింది. వాళ్లలో 1,600 మంది అక్కడే ప్రసవించారు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో నెలలు నిండిన తల్లి ఉందో ఆశా కార్యకర్త పుస్తకంలో ముందే రాసి ఉండకపోతే ఇది జరిగే పని కాదు. విపత్తు నిర్వహణలో అతి గొప్ప పరికరం చాలాసార్లు అలాంటి పుస్తకమే.

నోలియాలు, సైరన్లు

ఈ కథలో మన భాష మాట్లాడేవాళ్లున్నారు. గంజాం నుంచి పూరీ, పారాదీప్ దాకా తీరమంతా కనిపించే మత్స్యకారులను ఒడియాలో నోలియాలంటారు. వీళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వలస వెళ్లిన వాడబలిజలు, జాలారులు. పూరీ పక్కనున్న పెంటకోట ఇళ్లలో ఈనాటికీ తెలుగే. ఫణి దెబ్బ ముందు తగిలిన వాడల్లో అదొకటి.

2018లో ఓఎస్‌డీఎంఏ ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల సైరన్ టవర్లను ప్రారంభించింది. భువనేశ్వర్‌లో మీట నొక్కితే తీరం పొడవునా ఒకేసారి మోగుతాయి. కరెంటు పోయినా, ఫోను పోయినా మోగుతాయి. సైరన్‌కు భాష లేదు. తెప్ప ఒడ్డుకు లాగుతున్న తెలుగు మత్స్యకారుడికీ, పొలంలో ఉన్న ఒడియా రైతుకీ ఒకే అర్థం.

ఇంకో బంధం హైదరాబాద్‌తో ఉంది. 2004 సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం)లో 2007లో మొదలైంది. హెచ్చరిక ఇవ్వడం సగమే. అందుకున్న ఊరు ఏం చేయాలో తెలియాలి. 2020లో గంజాం జిల్లా వెంకట్‌రాయ్‌పూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహీ గ్రామాలను యునెస్కో సముద్ర విభాగం ‘సునామీకి సిద్ధమైన’ ఊళ్లుగా గుర్తించింది. హిందూ మహాసముద్ర దేశాల్లో ఆ గుర్తింపు పొందిన తొలి ఊళ్లవి. పరుగెత్తాల్సిన దారి గోడ మీద గీసి ఉండాలి, ఊరందరూ ఆ దారిలో నడిచి చూసి ఉండాలి, పన్నెండు షరతులు తీరాలి. రెండో ఊరి పేరే చెబుతోంది అక్కడున్నదెవరో. 1999లో వేలమంది పోయిన జిల్లా అది.

కొండమీద పొరపాటు

లెక్క తప్పిన రోజూ ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను అది ఎలా కూల్చిందో ఆ ప్రాంతంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒడిశా తీరం జాగ్రత్తగానే ఉంది. కానీ తుపాను తీరం దాటి లోపలి గజపతి జిల్లా కొండల మీద కుండపోతగా కురిసింది. వానకు తట్టుకోలేక బరఘరా గ్రామస్థులు కొండ పక్కన గుహలాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ విరిగి పడి పదహారు మంది పోయారు. వాళ్లకు షెల్టరు లేదు, సైరన్ లేదు. తుపానంటే సముద్రపు ఒడ్డు అన్న లెక్కతో కట్టిన వ్యవస్థ కొండవాళ్లను చూడలేదు. అది దైవికం అనుకుంటే సరిపోదు. మ్యాపు గీసేటప్పుడు చేసిన పొరపాటు.

సంస్థ చూపు సముద్రం దాటి ఇతర ముప్పుల వైపూ తిరుగుతోంది. 1998లో ఎండదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయిన రాష్ట్రమది. వడగాడ్పు రోజుల్లో బడి వేళలు మార్చడం, మిట్టమధ్యాహ్నం కూలి పని ఆపించడం ఇప్పుడక్కడ మామూలు. పిడుగును, పాముకాటును రాష్ట్రం విపత్తుల పట్టికలో చేర్చింది. పిడుగులను తమ మీదికి తీసుకుంటాయని తాటిచెట్లు నాటిస్తున్నారు. మడ అడవుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కేంద్రపడా జిల్లాలో మడ అడవి మిగిలిన చోట 1999లో చావులు తక్కువని పరిశోధకులు 2009లో లెక్కతో చూపించారు.

బతికాక ఏమిటి?

ప్రాణం కాపాడటంలో ఒడిశాకు మంచి పేరొచ్చింది, రావలసిందే. తెల్లవారి షెల్టరు మెట్లు దిగి ఇంటివైపు నడిచే మనిషి సంగతే నన్ను కలవరపెడుతుంది. ఫణి తర్వాత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కలిసి లెక్కేసిన నష్టం 24,176 కోట్ల రూపాయలు. 64 మంది మరణించిన తుపాను అది. బతికిన లక్షల మంది మీద పడ్డ బరువే ఆ అంకె.

పరిహారాలకు కేంద్రం కట్టిన కొలతలున్నాయి. ప్రాణానికి నాలుగు లక్షలు. 2022లో సవరించిన కొలతల ప్రకారం మైదానంలో పూర్తిగా కూలిన ఇంటికి లక్షా ఇరవై వేలు. పాకకు ఎనిమిది వేలు. పూర్తిగా పోయిన నాటు పడవకు పదిహేను వేలు, వలకు నాలుగు వేలు. వేటకెళ్లే ఇంటి పెద్దను అడగండి, ఆ డబ్బుతో ఎంత వల వస్తుందో. ఇంకో షరతు ఉంది. ఇల్లు అధికారికంగా అనుమతి ఉన్న కట్టడమై ఉండాలి. సముద్రపు ఒడ్డున ఇసుక మీద తరాలుగా బతుకుతూ పట్టా లేని కుటుంబానికి ఈ ఒక్క వాక్యం గాలివానకన్నా పెద్ద దెబ్బ. తుపాను రాత్రి ఆ ఇల్లు ప్రభుత్వానికి కనిపిస్తుంది; పరిహారం రోజు కనిపించదు.

మంచి ప్రయత్నం లేకపోలేదు. పైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో గంజాం, పూరీ, ఖుర్దా జిల్లాల తీర గ్రామాల్లో ఓఎస్‌డీఎంఏ పక్కా ఇళ్ల పథకం నడిపింది. కాంట్రాక్టరు కట్టి అప్పగించే ఇళ్లు కావవి. ఇంటివాళ్లే కట్టుకుంటారు. పునాది పడ్డాక ఒక విడత, గోడలు లేచాక ఒక విడత, స్లాబు పడ్డాక మరో విడత చొప్పున డబ్బు బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. తన ఇంటి కడ్డీ తానే ఎంచుకున్న మనిషి దాన్ని దొంగతనంగా సన్నం చేయడు.

కష్టమైన కథ సాతభాయా. కేంద్రపడా తీరంలో ఏడు ఊళ్ల పంచాయతీ అది. ఒక్కో ఊరినీ సముద్రం మింగుతూ వచ్చింది. చివరికి 571 కుటుంబాలను లోపల బాగపాటియా అనే కాలనీకి మార్చారు. గ్రామదేవత పంచుబారాహీ విగ్రహాలనూ 2018లో అక్కడికే తెచ్చారు. ప్రాణాలకు ముప్పు తప్పింది. అయితే ఇంటి స్థలం వచ్చింది గానీ పొలం రాలేదు. మగవాళ్లు పనికోసం కేరళకు బస్సెక్కుతున్నారు. ఊరిని ఎత్తి మరో చోట పెట్టడం చేతనైంది, బతుకుతెరువును పెట్టడం ఇంకా చేతకాలేదు. రాబోయే దశాబ్దాల్లో సముద్రం ఉప్పాడ నుంచి సాతభాయా దాకా ఎన్నో ఊళ్లను ఇదే ప్రశ్న అడుగుతుంది.

డబ్బు పంపకంలో కొంత మార్పు వచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో సహాయానికి నలభై శాతం, పునర్నిర్మాణానికి ముప్పై, సన్నద్ధతకు పది, ముందస్తు నివారణకు ఇరవై శాతం కేటాయించింది. అంతకు ముందు ఊరు కూలాకే డబ్బు కదిలేది. ఇప్పుడు కూలకుండా ఖర్చు పెట్టడానికీ ఒక ఖాతా ఉంది. ఆ ఇరవై శాతం ఎక్కడ ఖర్చయిందో ఏ రాష్ట్ర ప్రజలైనా అడగాలి. వరద వచ్చాక పంచిన బియ్యం ఫొటోల్లో కనిపిస్తుంది, రాకముందు ఎత్తుచేసిన కరకట్ట కనిపించదు. కనిపించని పనికి ఓటు తక్కువ. ఒడిశాలో అక్టోబరు 29ని ఏటా విపత్తు సన్నద్ధత దినంగా పాటించడం, షెల్టర్లలో విన్యాసాలు చేయించడం, ఆ కనిపించని పనిని జనం కళ్ల ముందు నిలపడానికే.

ఇది మచిలీపట్నంలోనో, కాకినాడలోనో, కళింగపట్నంలోనో చదువుతున్నవాళ్లకు ఒక మాట. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం తొలి విడతలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. మన తీరంలోనూ కొత్త షెల్టర్లు లేచాయి. దివిసీమ ఉప్పెన తర్వాత కట్టిన పాతవాటికి నలభై ఏళ్లు దాటాయి. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఒకటి ఉండే ఉంటుంది. గాలి పడకముందే ఒకసారి వెళ్లండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి, తలుపు తీయించండి, పంపు కొట్టి చూడండి, మరుగుదొడ్డి గడియ వేసి చూడండి. పనిచేయనిదేదైనా ఉంటే వచ్చే గ్రామసభలో రాతపూర్వకంగా ఇవ్వండి.